దీపం కింది చీకటి: బిజినెస్ స్కూళ్ల పరిశోధక విద్యార్థుల మానసిక క్షేమం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగుల ఒత్తిడి, పని సంతృప్తి, నాయకత్వ శైలి వంటి అంశాలపై ఏటా పరిశోధనలు చేయించే వ్యాపార నిర్వహణ విభాగాలు తమ సొంత పరిశోధక విద్యార్థుల మానసిక క్షేమాన్ని ఏ మేరకు పట్టించుకుంటున్నాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. హైదరాబాదు నగరంలోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల విద్యాజీవితం దీనికి నేపథ్యం. పరిశోధక విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై వెలువడిన ముఖ్యమైన అంతర్జాతీయ అధ్యయనాలను, 2022 నాటి పిహెచ్.డి. నిబంధనలను, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని, 2025 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం ఇక్కడ అనుసరించిన పద్ధతి. పరిశోధకుల మనోవేదనను వ్యక్తి బలహీనతగా చూసే ధోరణి సరికాదని, అది పని ఏర్పాటులోని లోపమని, ఆ లోపాన్ని గుర్తించే సాధనాలు నిర్వహణశాస్త్రంలోనే ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిశోధక విద్యార్థి, మానసిక క్షేమం, బిజినెస్ స్కూలు, పర్యవేక్షకుడు, పిహెచ్.డి. నిబంధనలు, అమీర్‌పేట, పంజాగుట్ట.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు మెట్రో రైలు మార్గాలు కలిసే కూడళ్లలో అమీర్‌పేట ఒకటి. ఇక్కడి నుంచి నీలి మార్గంలో తూర్పుకు వెళితే తార్నాక వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అదే దారి. పడమటికి వెళితే చివరి స్టేషన్ రాయదుర్గం. దాని ఆవల గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఉన్నాయి. ఎర్ర మార్గంలో ఉత్తరానికి సాగితే జె.ఎన్.టి.యు. పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. దక్షిణానికి వచ్చే మొదటి స్టేషన్ పంజాగుట్ట. నగరంలో వ్యాపార నిర్వహణ విషయంలో పరిశోధన చేసేవారు ఏ విశ్వవిద్యాలయంలో నమోదైనా, ఈ కూడలి వారి రాకపోకలకు నడిమధ్యన ఉంటుంది.

నిర్వహణ విద్య చరిత్రలో కూడా ఈ ప్రాంతానికి చోటుంది. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా పంజాగుట్టకు కొద్ది దూరంలోనే, బెల్లావిస్టా భవనంలో నడుస్తోంది. 1984లో మొదలైన ఇక్ఫాయ్ సంస్థ కార్యాలయాలు చిరకాలం పంజాగుట్ట నాగార్జున హిల్స్ చిరునామాతోనే దేశమంతటికీ తెలుసు. మరోవైపు మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు, వాటిని ఆనుకొని హాస్టళ్లు, మెస్సులు, జెరాక్సు దుకాణాలు పెరిగాయి. మూడు నెలల్లో నేర్చుకొని ఉద్యోగంలో చేరవచ్చన్నది ఆ వీధుల నమ్మకం. ఆరేళ్లయినా ముగింపు కనిపించని చదువు చదివే పరిశోధకులు కూడా అదే హాస్టల్ గదుల్లో, అదే మెస్సు బల్లల దగ్గర ఉంటారు. పక్క మంచం మీది కుర్రవాడు రెండు ఉద్యోగాలు మారేలోపు వీరి సిద్ధాంతవ్యాసంలో మూడో అధ్యాయం కూడా పూర్తికాకపోవచ్చు. ఈ కాలవ్యత్యాసం కలిగించే మనోభారం గురించి నిర్వహణశాస్త్రం ఇంతవరకు పెద్దగా మాట్లాడలేదు.

2. బిజినెస్ స్కూలు పరిశోధకుడు ఎవరు?

'పరిశోధక విద్యార్థి' అన్న ఒకే మాట కింద కనీసం మూడు రకాల జీవితాలు ఉన్నాయి. మొదటి రకం, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించి విశ్వవిద్యాలయంలో పూర్తికాలం పనిచేసేవారు. 2023 జనవరి 1 నుంచి వీరికి మొదటి దశలో నెలకు 37,000 రూపాయలు, తరువాతి దశలో 42,000 రూపాయలు నిర్ణయమయ్యాయి. ఆ అర్హత లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవారికి చిరకాలంగా ఉన్న ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. ఒకే గదిలో, ఒకే పర్యవేక్షకుని కింద, ఒకే రకమైన పనిచేసే ఇద్దరి మధ్య ఇంతటి అంతరం ఉన్నప్పుడు, ఆందోళనకు కారణం మనస్తత్వంలో వెతకడానికి ముందు బ్యాంకు పాసుపుస్తకంలో వెతకడం సమంజసం.

రెండవ రకం, బిజినెస్ స్కూళ్లు సొంతంగా నడిపే ఫెలో లేదా డాక్టరేట్ కార్యక్రమాల్లో చేరినవారు. వీరికి భృతి, వసతి మెరుగుగా ఉండవచ్చు. కాని వీరిని కొలిచే కొలబద్ద వేరు. ఆస్ట్రేలియా బిజినెస్ డీన్ల మండలి పత్రికలకు ఇచ్చే శ్రేణులు, ఫైనాన్షియల్ టైమ్స్ దినపత్రిక ఎంచిన 50 పత్రికల జాబితా ఇక్కడ భవిష్యత్తును నిర్ణయిస్తాయి. తెలుగునేల మీది చేనేత సహకార సంఘం గురించి, రైతుబజారు గురించి రాసిన పరిశోధన ఆ జాబితాలోని సంపాదకులకు ఆసక్తి కలిగించేలా ఉండాలి. తాను ఎంచుకున్న అంశం తన ప్రాంతానికి ఎంత ముఖ్యమైనా జాబితాకు ముఖ్యం కాకపోవచ్చునన్న సందేహం పరిశోధకుణ్ణి మొదటి ఏడాది నుంచే వెంటాడుతుంది.

మూడవ రకం, ఎం.బి.ఎ. కళాశాలలో అధ్యాపక ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన సాగించేవారు. వీరిని విద్యార్థిగా చూడటానికి కళాశాల ఇష్టపడదు. అధ్యాపకులుగా చూడటానికి విశ్వవిద్యాలయం సిద్ధపడదు. జాతీయ ర్యాంకుల లెక్కలో పిహెచ్.డి. ఉన్న అధ్యాపకుల సంఖ్యకు మార్కులు ఉన్నాయి. అంటే పట్టా వచ్చిన రోజున దాని ప్రయోజనంలో సంస్థకు భాగం దక్కుతుంది. పట్టా వచ్చేదాకా అయ్యే ఖర్చు, నిద్రలేమి, ఇంట్లో మాటపట్టింపులు మాత్రం ఒక్కరివే.

దీనికి తోడు అర్హతల నియమాలు తరచు మారాయి. విశ్వవిద్యాలయ విభాగాల్లో సహాయ ఆచార్య పదవికి 2021 జూలై నుంచి పిహెచ్.డి. తప్పనిసరి అని 2018 నిబంధనలు చెప్పాయి. ఆ గడువు 2023 జూలైకి వాయిదా పడింది. చివరకు 2023లో నెట్, సెట్, స్లెట్ కనీస అర్హతగా ఉంటే చాలునని, పిహెచ్.డి. ఐచ్ఛికమని సవరణ వచ్చింది. తప్పనిసరి అన్న మాట విని ఉద్యోగం, పొదుపు, కుటుంబ సమయం పణంగా పెట్టి చేరినవారికి ఈ సవరణ ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. విధాన నిర్ణయాల్లోని ఈ అనిశ్చితి కూడా మానసిక ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

3. అంతర్జాతీయ అధ్యయనాలు: విలువ, పరిమితి

ఈ విషయంలో తరచుగా ఉదహరించే అధ్యయనాలు మూడు. 2017లో 'రిసెర్చ్ పాలసీ' పత్రికలో లెవెక్ బృందం బెల్జియం దేశంలోని ఫ్లాండర్స్ ప్రాంతానికి చెందిన 3,659 మంది పరిశోధక విద్యార్థులను పరిశీలించి, వారిలో 32 శాతం మంది సాధారణ మానసిక రుగ్మతకు లోనయ్యే ప్రమాదంలో ఉన్నట్లు తెలిపింది. 2018లో 'నేచర్ బయోటెక్నాలజీ' ప్రచురించిన ఎవాన్స్ బృందం పరిశీలనలో 26 దేశాలకు చెందిన 2,279 మంది పాల్గొన్నారు. సాధారణ జనాభాతో పోలిస్తే వీరిలో కుంగుబాటు, ఆందోళన ఆరు రెట్లకు పైగా ఎక్కువని ఆ బృందం చెప్పింది. ఆందోళన లక్షణాలు మహిళల్లో 43 శాతం, పురుషుల్లో 34 శాతం కనిపించాయి. అమెరికాలోని 8 అర్థశాస్త్ర విభాగాలపై బరేరా, బసిలికో, బొలోట్నీ చేసిన అధ్యయనం మూడవది. అందులో 18 శాతం మంది పరిశోధకుల్లో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు, ఆందోళన లక్షణాలు ఉన్నాయి.

ఈ సంఖ్యలను మన సదస్సు పత్రాల్లో యథాతథంగా దించుకోవడం అలవాటుగా మారింది. వాటిని జాగ్రత్తగా చదవవలసి ఉంది. ఎవాన్స్ బృందం ఈమెయిల్, సామాజిక మాధ్యమాల ద్వారా పిలుపునిచ్చి సమాధానాలు సేకరించింది. బాధలో ఉన్నవారే ఇటువంటి పిలుపునకు ఎక్కువగా స్పందించే అవకాశం ఉంది కనుక ఆరు రెట్లు అన్న అంకెను ఉన్నదున్నట్లుగా తీసుకోలేము. 2021లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వచ్చిన సమగ్ర సమీక్ష పలు అధ్యయనాలను కలిపి లెక్కించి, పరిశోధక విద్యార్థుల్లో కుంగుబాటు లక్షణాలు 24 శాతం, ఆందోళన లక్షణాలు 17 శాతం అని తేల్చింది. సంచలనం తగ్గినా సమస్య తగ్గలేదని ఈ అంకెలు చూపుతాయి. నలుగురిలో ఒకరికి దగ్గరగా ఉన్న సంఖ్య ఏ సంస్థకైనా చిన్నది కాదు.

ఫ్లాండర్స్ అధ్యయనానికి వేరొక పరిమితి ఉంది. అక్కడి పరిశోధకుల్లో ఎక్కువమంది జీతం, సామాజిక భద్రత ఉన్నవారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఫెలోషిప్ విడుదల కోసం ఎదురుచూసే విద్యార్థికి, సాయంత్రం ఆరు దాకా తరగతులు చెప్పి రాత్రి అధ్యాయం రాసే అధ్యాపకురాలికి వారితో పోలిక కుదరదు. అయినా ఆ అధ్యయనంలో అంకె కంటే విలువైనది ఒకటి ఉంది. మనోవేదనతో ముడిపడిన కారణాలుగా అది చూపినవి: పనికి కుటుంబానికి మధ్య ఘర్షణ, పనిభారం, పని మీద అదుపు, పర్యవేక్షకుని నాయకత్వ శైలి, బృందంలో నిర్ణయాలు తీసుకునే తీరు, విశ్వవిద్యాలయం బయట భవిష్యత్తు ఉందన్న నమ్మకం. ఇవన్నీ సంస్థ మార్చగలిగినవి.

అర్థశాస్త్ర అధ్యయనం బిజినెస్ స్కూళ్లకు ఇంకా దగ్గరది. తమ పని ఎల్లప్పుడూ లేదా చాలావరకు ఉపయోగకరమని భావించినవారు ఆ పరిశోధకుల్లో 26 శాతం మాత్రమే. పనిచేసే వయసులోని సాధారణ జనాభాలో అలా భావించేవారు 63 శాతం. 'ఇది ఎవరికి పనికొస్తుంది?' అన్న ప్రశ్న ఒంటరి గదిలో రోజూ ఎదురవుతుంటే మనిషి క్రమంగా కుంగిపోవడంలో వింత లేదు. లక్షణాలు ఉన్నవారిలో చాలామంది చికిత్స పొందడం లేదన్నది కూడా ఆ అధ్యయనం గమనించిన విషయమే.

4. సొంత శాస్త్రం చెప్పేదేమిటి?

ఎం.బి.ఎ. మొదటి ఏడాదిలో సంస్థాగత ప్రవర్తన అనే పాఠ్యాంశం ఉంటుంది. అందులో రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా ఒకటి. పని గిరాకీ ఎక్కువగా ఉండి, ఆ పని మీద తన నిర్ణయాధికారం తక్కువగా ఉన్నప్పుడు మానసిక ఒత్తిడి తీవ్రమవుతుందని దాని సారాంశం. తరువాతి పరిశోధకులు దీనికి తోటివారి, పైవారి ఆసరా అనే మూడవ అంశాన్ని చేర్చారు. గిరాకీ ఎక్కువ, అదుపు తక్కువ, ఆసరా శూన్యం అయితే అది అత్యంత ప్రమాదకరమైన పరిస్థితి.

ఈ మూడు గీటురాళ్ల మీద పరిశోధక విద్యార్థి జీవితాన్ని గీసి చూస్తే ఫలితం స్పష్టం. గిరాకీ: కోర్సు పని, సాహిత్య సమీక్ష, ప్రశ్నావళి, గణాంక విశ్లేషణ, పత్రాలు, తరగతులు. అదుపు: అంశం పేరులో ఒక్క మాట మార్చాలన్నా సంఘం ఆమోదం కావాలి, అధ్యాయం ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు, బయటి పరీక్షకుని నివేదిక ఎప్పుడు అందుతుందో చెప్పగలవారు లేరు. ఆసరా: పూర్తికాలం పరిశోధకునికి పొరుగు గది మిత్రుడైనా ఉంటాడు, పార్ట్‌టైమ్ పరిశోధకురాలికి అదీ లేదు.

నిర్వహణ విభాగాల్లో బ్యాంకు ఉద్యోగుల ఒత్తిడి, ఐ.టి. ఉద్యోగినుల పని-జీవిత సమతౌల్యం నిత్యం నలిగే పరిశోధనాంశాలు. పంజాగుట్టలోని ఏదో కార్యాలయం మెట్ల మీద నిలబడి, 'మీ పై అధికారి మీ అభిప్రాయాలను గౌరవిస్తారా?' అన్న ప్రశ్నకు ఐదు గడుల్లో ఒకదానిలో గుర్తుపెట్టమని కోరే పరిశోధకురాలిని, అదే ప్రశ్న తిరిగి అడిగేవారు ఆమె విభాగంలో లేరు. దీపం కింద చీకటి అన్న లోకోక్తికి ఇంతకంటే సరిపోయే సందర్భం దొరకదు. ఈ చీకటికి అజ్ఞానం కారణమని చెప్పడానికి వీల్లేదు. కొలిచే సాధనాలన్నీ విభాగం చేతిలోనే ఉన్నాయి. వాటిని లోపలికి తిప్పుకోవడానికి కావలసిన చొరవ లేకపోవడమే కారణం.

5. నిబంధనల పాఠం: పలుకు, మౌనం

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2022 నవంబరులో ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనలను ఒక పాఠంగా చదివితే, అందులో కొంత కరుణ, కొంత మౌనం కనిపిస్తాయి. సిద్ధాంతవ్యాసం సమర్పించేముందు పత్రం ప్రచురించి ఉండాలన్న 2016 నాటి షరతును ఇవి తొలగించాయి. ఆ షరతు డబ్బు తీసుకొని ఏది పంపినా అచ్చువేసే పత్రికలకు గిరాకీ పెంచిందన్నది విద్యాలోకంలో అందరూ ఎరిగిన విషయం. మహిళలకు, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికి అదనంగా రెండేళ్ల గడువు, మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు, వివాహం వంటి కారణాలతో ఊరు మారినప్పుడు పరిశోధనను మరో సంస్థకు బదిలీ చేసుకునే వీలు ఇందులో ఉన్నాయి. ఆచార్యునికి 8, సహ ఆచార్యునికి 6, సహాయ ఆచార్యునికి 4 అని పర్యవేక్షించదగిన విద్యార్థుల సంఖ్యకు పరిమితి ఉంది. మూల్యాంకనం, మౌఖిక పరీక్ష కలిపి ఆరు నెలల్లో ముగించాలన్న నియమమూ ఉంది. ఒక్కొక్కటి చూస్తే ఇవన్నీ మానసిక క్షేమానికి తోడ్పడే నిబంధనలే.

అయితే ఆ పాఠమంతటా కాలం విద్యార్థి మీదే లెక్కకు వస్తుంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, తిరిగి నమోదుతో మరి రెండేళ్లు. గడువు దాటితే విద్యార్థి నష్టపోతాడు. పర్యవేక్షకుడు అధ్యాయాన్ని ఎన్ని వారాల్లో చదివి తిరిగి ఇవ్వాలన్న గడువు మాత్రం ఎక్కడా లేదు. పరిశోధన సలహా సంఘం ముందు ప్రతి సెమిస్టరూ విద్యార్థి హాజరై ప్రగతి వివరించాలి. ఆ సంఘానికి అప్పగించిన పని విద్యార్థి పనిని సమీక్షించడం. అతని స్థితిగతులు విచారించడం కాదు. పైగా పర్యవేక్షకుడే ఆ సంఘానికి సంధానకర్త. పర్యవేక్షణలోనే ఇబ్బంది ఉన్నప్పుడు, ఆ మాట ఆయన ఎదుటే ఎత్తగల ధైర్యం ఎవరికి ఉంటుంది?

పార్ట్‌టైమ్ పరిశోధకుల విషయంలో యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలని, పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందని అందులో ఉండాలని నిబంధన చెబుతుంది. ఆచరణలో ఇది ఫైలులో చేరే ఒక కాగితం. తగిన సమయం అంటే వారానికి ఎన్ని గంటలో, ఆ మేరకు బోధన తగ్గించారో లేదో తరువాత చూసే ఏర్పాటు లేదు. నిబంధన కరుణతో పలికిన చోట కూడా అమలు బాధ్యత ఎవరిదో చెప్పకపోవడం వల్ల కరుణ కాగితం దాటి రాలేకపోతోంది.

6. 'గైడు', 'సార్', 'గురువుగారు'

తెలుగునాట పర్యవేక్షకుణ్ణి పిలిచే మాటలు మూడు. గైడు అన్నది వృత్తి సంబంధం. సార్ అన్నది అధికార సంబంధం. గురువుగారు అన్నది ఆత్మీయ, ధార్మిక సంబంధం. ఒకే వ్యక్తిని సందర్భాన్ని బట్టి మూడు పేర్లతోనూ పిలుస్తారు. మంచి పర్యవేక్షకుని దగ్గర ఈ మూడూ కలిసి వరంగా మారతాయి. అర్ధరాత్రి ఫోను చేసి ధైర్యం చెప్పినవారు, భృతి ఆగిన నెలల్లో చేబదులు ఇచ్చినవారు, తమ పుస్తకాల బీరువా తాళంచెవి ఇచ్చినవారు మన విశ్వవిద్యాలయాల్లో తక్కువేమీ కాదు. ఎన్నో సిద్ధాంతగ్రంథాల కృతజ్ఞతల పుటలు ఇందుకు సాక్ష్యం.

అయితే ఈ సంబంధం చెడినప్పుడు అదే మూడు పేర్లు బంధనమవుతాయి. గైడుతో విభేదించవచ్చు, గురువుగారితో విభేదిస్తే ద్రోహమవుతుంది. గైడు ఆలస్యం చేస్తే అడగవచ్చు. సార్ ఆలస్యం చేస్తే వేచి ఉండాలి. సొంత పనులు చేయించుకోవడం, రాసిన పత్రంలో పేరు ముందు పెట్టమనడం సేవ, గౌరవం అన్న మాటల మాటున సాగిపోతాయి. ఎవాన్స్ బృందం పరిశీలనలోనూ, లెవెక్ బృందం పరిశీలనలోనూ పర్యవేక్షకునితో సంబంధం మానసిక స్థితితో ముడిపడి ఉందని తేలింది. అక్కడ అది ఒప్పంద సంబంధం. ఇక్కడ భక్తి కూడా కలిసి ఉంది. అందువల్ల మన పరిశోధకుని మౌనం మరింత లోతైనది.

ఈ మౌనానికి కులం, లింగం, భాష అనే పొరలు ఉన్నాయి. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తరువాత ఫెలోషిప్ నిలిపివేత, వసతిగృహ బహిష్కరణ, కులవివక్ష దేశవ్యాప్త చర్చకు వచ్చాయి. ఒక పరిశోధకుని వేదనను అతని మనసుకు మాత్రమే పరిమితం చేసి చూడరాదని ఆ చర్చ నేర్పింది. బిజినెస్ స్కూళ్లు ఆ చర్చ తమది కాదన్నట్లు దూరంగా ఉండిపోయాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, ఆంగ్లంలో సెమినార్ ఇచ్చేటప్పుడు తడబడే విద్యార్థికి అది ఇతరుల చర్చ ఎలా అవుతుంది? ప్రశ్న అర్థమై, జవాబు తెలిసి, మాట రాక కూర్చుండిపోయిన క్షణాన్ని ఆ విద్యార్థి తన తెలివి తక్కువతనంగా లెక్కవేసుకుంటాడు. గణాంక సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అమీర్‌పేటలో రుసుము కట్టి చేరడానికి సందేహించనివాడు, మాట తడబడుతోందని విభాగంలో చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడతాడు.

7. ఆసరా: చట్టంలో, వీధిలో

2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల నుంచి మానసిక చికిత్స పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించాలని, శిక్షించరాదని 115వ సెక్షన్ నిర్దేశించింది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో అంతర్భాగమని ఆ తీర్పు స్పష్టం చేసింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని చెప్పింది. శిక్షణ కేంద్రాలకు, హాస్టళ్లకు కూడా ఈ మార్గదర్శకాలు వర్తిస్తాయి. అంటే అమీర్‌పేట వీధుల్లోని భవనాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి.

ఈ తీర్పు మేలుమలుపు అనడంలో సందేహం లేదు. అయితే దాని ఊహలోని విద్యార్థి పదిహేడేళ్ల వయసువాడు. తల్లిదండ్రుల ఆశల బరువు మోసేవాడు. ముప్ఫై రెండేళ్ల పరిశోధకురాలు, ఒక బిడ్డ తల్లి, ఒక కళాశాలలో అధ్యాపకురాలు, మరో విశ్వవిద్యాలయంలో విద్యార్థిని. ఆమె ఏ సంస్థ లెక్కలోకి వస్తుంది? కళాశాలలోని కౌన్సెలర్ దగ్గరికి వెళితే తన విద్యార్థులే వరుసలో ఉంటారు. విశ్వవిద్యాలయంలోని కౌన్సెలర్ పనివేళల్లో ఆమె పాఠం చెబుతూ ఉంటుంది. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఏర్పరచిన జాతీయ కార్యదళం ముందుకు ఈ ప్రశ్న కూడా వెళ్లవలసి ఉంది.

చట్టం ఇచ్చిన హక్కుకు భాష అడ్డుపడటం మరో విషాదం. అమీర్‌పేట నుంచి ఎర్ర మార్గంలో ఉత్తరానికి మూడవ స్టేషన్ ఎర్రగడ్డ. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడ ఉంది. ప్రయాణం కొద్ది నిమిషాలే. కాని హైదరాబాదు వాడుకలో ఎర్రగడ్డ అన్న ఊరిపేరే ఎగతాళి మాటగా స్థిరపడింది. సినిమా హాస్యం దాన్ని ఊరూరా చేర్చింది. దిగవలసిన స్టేషన్ పేరే నిందగా మారిన చోట, మూడు స్టేషన్ల దూరం మూడేళ్లయినా దాటలేనిదవుతుంది. పంజాగుట్ట నిమ్స్‌కు గుండె నొప్పితో వెళ్లినవాణ్ణి పరామర్శించే విభాగమే, మనసు బాగాలేదని సెలవు కోరినవాణ్ణి అనుమానంగా చూస్తుంది. ఇంటి నుంచి కదలకుండా మాట్లాడగలిగే టెలి మానస్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ సంఖ్యను విభాగం సూచనల ఫలకం మీద, గ్రంథాలయంలో, హాస్టల్ మెట్ల దగ్గర రాసి ఉంచడానికి ఏ సంఘం ఆమోదమూ అక్కరలేదు.

బిజినెస్ స్కూళ్లలో క్షేమం పేరుతో సాధారణంగా జరిగేవి ప్రేరణ ప్రసంగం, యోగా దినం, ఒత్తిడి నిర్వహణ కార్యశాల. వీటిలో తప్పు లేదు. కాని ఎనిమిది నెలలుగా అధ్యాయం తిరిగిరాని వ్యక్తికి శ్వాస మీద ధ్యాస ఎలా నిలుస్తుంది? కారణాన్ని అలాగే ఉంచి, దాన్ని ఓర్చుకోవడం నేర్పే శిక్షణ అంతిమంగా కారణానికే కొమ్ముకాస్తుంది.

8. ఒక ఆక్షేపణ, దానికి సమాధానం

పరిశోధన స్వభావరీత్యానే కఠినమని, ఒంటరితనం, సందేహం, వైఫల్యం లేకుండా కొత్త జ్ఞానం పుట్టదని, సౌకర్యాలు పెంచితే ప్రమాణాలు పడిపోతాయని కొందరు పెద్దలు అంటారు. ఈ వాదంలో మొదటి సగం నిజం. తెలియనిదాన్ని తెలుసుకోవడంలోని కష్టాన్ని ఎవరూ తొలగించలేరు; తొలగించనక్కరలేదు. అయితే సిద్ధాంతంతో పెనుగులాడే కష్టం వేరు, సంతకం కోసం వరండాలో నిలబడే కష్టం వేరు. మొదటిది పరిశోధకుణ్ణి రాటుదేలుస్తుంది. రెండవది అరగదీస్తుంది. ప్రమాణాల పేరుతో రెండవదాన్ని సమర్థించడం తర్కానికి నిలవదు. పైగా అరిగిపోయినవారే దగ్గరి దారులు వెతుకుతారు. గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి 2018లో ప్రత్యేక నిబంధనలు తేవలసి వచ్చింది. డబ్బు తీసుకొని అధ్యాయాలు రాసిపెట్టేవారికి నేటికీ కొరత లేదు. ఆసరా లేని చోట నిజాయితీ కూడా ఖరీదైన వస్తువవుతుంది. కనుక మానసిక క్షేమం ప్రమాణాలకు విరోధి కాదు, వాటికి పునాది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని ప్రతిపాదనలు తేలుతున్నాయి. పర్యవేక్షకుడు అధ్యాయాన్ని చదివి తిరిగి ఇవ్వవలసిన గడువును విభాగం లిఖితపూర్వకంగా నిర్ణయించాలి. సలహా సంఘం ప్రతి సమావేశంలోనూ పర్యవేక్షకుడు లేకుండా విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడే ఏర్పాటు ఉండాలి. పర్యవేక్షకుణ్ణి మార్చుకునే పద్ధతి చేరిన రోజునే విద్యార్థికి తెలియాలి. దాన్ని వాడుకోవడం నేరం కాకూడదు. పార్ట్‌టైమ్ పరిశోధకులను పంపే కళాశాల వారి బోధన గంటలు ఎంత తగ్గించిందో ఏటా విశ్వవిద్యాలయానికి తెలపాలి. వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో నమోదై ఒకే కూడలి మీదుగా తిరిగే పరిశోధకులు నెలకు ఒకసారి సాయంత్రం అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో కలిసి, తమ అధ్యాయాలు తామే చదివి చర్చించుకునే బృందాలను సంస్థలు ప్రోత్సహించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద నిధులు అక్కరలేదు.

నిర్వహణశాస్త్రం సంస్థలకు చెప్పే మొదటి పాఠం, మనిషిని దిద్దబోయే ముందు పని ఏర్పాటును చూడమన్నది. ఆ పాఠం చెప్పే విభాగం దాన్ని తన మూడో అంతస్తులోని పరిశోధకుల గదికి వర్తింపజేసుకోవాలి. ప్రశ్నావళి తయారు చేయడం ఆ గదిలోని అందరికీ వచ్చు. అందులోని మొదటి ప్రశ్నను విభాగాధిపతి స్వయంగా, కాగితం లేకుండా, తెలుగులో అడగవచ్చు: 'ఎలా ఉన్నారు?' జవాబు వినడానికి కాస్త సమయం కేటాయించుకొని అడగాలి.